శివారు దాకా

లొల్ల లాకుల మీద లస్కరుని నేను.
పంతొమ్మిదేళ్లుగా తలుపు చక్రం తిప్పుతున్న చేతులివి.
గండి పడిందా, గుర్రపుడెక్క అడ్డం తగిలిందా అని
రోజూ గట్టు వెంట సైకిలు తొక్కిన కాళ్లివి.
ఈ కాళ్లకే నలభై ఆరో ఏట
గేర్ల సైకిలు మీద రెండొందల కిలోమీటర్ల పిచ్చి పట్టింది.

ఆదివారం చీకటితో బొబ్బర్లంకలో ఎక్కితే
రాజోలు, అంతర్వేది, వెనక్కి అమలాపురం,
ఎదుర్లంక వంతెన దాటితే యానాం.
జేబులో ఆత్రేయపురం పూతరేకులు నాలుగు,
సీసాలో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు.
నూట డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర,
ద్రాక్షారామం ఇంకా రాకుండానే,
తొడలు నావి కాకుండా పోయాయి.
రైసుమిల్లు గోడకి సైకిలు ఆనించి
తడిసిన ధాన్యం బస్తాలా కూలబడ్డాను.

వెనకే వచ్చి దిగింది సువార్త,
కొత్తపేట ఆసుపత్రిలో కీళ్లూ కండలూ చూసే పిల్ల.
"పొద్దున్నేం తిన్నావన్నా?"
చద్దన్నం, మాగాయి.
"నిన్న రాత్రి?"
అన్నం, చారు.
"మొన్న?"
నేల చూశాను.
"డెల్టా పంటంతా నీ కంచంలోనే పోశావు,
గట్టు మీద కంది మొక్కని మాత్రం మర్చిపోయావు."

అరవై రెండు కిలోల మనిషిని.
కిలోకి గ్రామున్నర చొప్పున మాంసకృత్తులు కావాలట.
వేళ్ల మీద లెక్కేస్తే తొంభై మూడు.
గుడ్డుకి ఆరు.
"అయితే రాత్రికి అరట్రే గుడ్లు ఉడకబెట్టించేస్తానమ్మా,
ఒక్క దెబ్బకి తీరిపోద్ది" అన్నాను.

నవ్వలేదు సువార్త.
"ఒక్క రాత్రి తలుపులన్నీ ఎత్తేస్తే
శివారు చేను తడుస్తుందా, లస్కరు గారూ?"

నాకు!
వంతు నీళ్ల సంగతి నాకు!
కోపం రావాల్సిన చోట సిగ్గొచ్చింది.
ఎగువ పొలాలు మునిగి, మురుగు కాలువ నిండి,
చిట్టచివరి ఎకరం నోరు తెరుచుకుని ఉండడం
ఎన్ని దాళ్వాలు చూశాను.
నా పిక్కలు శివారు భూములని
ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రోజు నుంచీ వంతులు పెట్టాను.
పొద్దున్న పెసరట్టు, రెండు గుడ్లు.
పదకొండింటికి లాకుల మీద కాగితం పొట్లంలో ఉడికిన సెనగలు.
మధ్యాహ్నం అన్నం కన్నా ముద్దపప్పు ఎత్తుగా.
కంచం చూసి, నా నుదురు ముట్టుకుని చూసింది వరాలు.
రాత్రికి మెత్తళ్లు వేయించి, గడ్డపెరుగు పెట్టి
"ఎవరికైనా చెప్పావా ఈ జబ్బు" అంది.
కాకినాడ కుర్రాడు కిరీటి డబ్బాలో పొడి గిలక్కొట్టి తాగుతాడు.
మంచిదేనట. నా జీతానికి సెనగలు చాలు.

పడుకోవడమే కష్టమైంది.
తొక్కిన మర్నాడూ తొక్కకపోతే
సైకిలు అలిగిందేమోనని లేచి చూసేవాణ్ణి.
"తొక్కినప్పుడు కండ చిరుగుతుందన్నా,
కుట్టుపని నిద్రలో" అంది సువార్త.
తెలియనిదా?
ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తాం.
అడుగున పగిలిన సీసాలు, ఎవరిదో చెప్పు,
బురదలో కొంగలు. చూస్తే దిగులే.
కానీ పూడిక తీసేదీ, గట్టుకి మట్టి పోసేదీ,
తలుపు పళ్లకి గ్రీజు పెట్టేదీ అప్పుడే.
పారే కాలువని ఎవడు బాగుచేశాడు?

మళ్లీ వచ్చిందో ఆదివారం.
రైసుమిల్లు గోడ ఎడమ పక్క నుంచి వెళ్లిపోయింది.
ఆగి ఒకసారి చెయ్యి వేద్దామనిపించింది గానీ
సువార్త ముందుంది, ఎదురుగాలి.
ఇంటికొచ్చి, తిని, ఫ్యాను కింద వాలాక
కుడి పిక్క చిన్నగా కదిలింది,
చివరి తూము కాడ రైతు ఫోను చేసినట్టు:
నీళ్లందాయండీ, ఆయ్.

ఎడమది మాత్రం
ఇంకా అర్జీలు రాస్తూనే ఉంది.